ఆయిల్ పడేది ఒకచోట, కారేది ఇంకోచోట

పాత అంబాసిడర్‌ని రాత్రంతా నిలబెట్టిన చోట పొద్దున్నే రూపాయి బిళ్లంత నల్ల మచ్చ కనిపించిందనుకోండి. నెల్లూరు ఆటోనగర్‌లో అడిగినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో అడిగినా దాదాపుగా రెండు జవాబుల్లో ఒకటి వినిపిస్తుంది. "పాత బండి కదా సార్, కారక ఏం చేస్తుంది" అనేది మొదటిది. "బ్యాక్ సీలు పోయింది, ఇంజిన్ దించాల్సిందే" అనేది రెండోది. బ్యాక్ సీలు అంటే ఇంజిన్ వెనక కొసలో ఆయిల్ బయటికి రాకుండా ఆపేది. మొదటి మాట నమ్మినవాళ్లు ఏళ్ల తరబడి బండి కింద రేకు పళ్లెం పెట్టుకుని సర్దుకుపోతారు. రెండో మాట నమ్మినవాళ్లు వేలకు వేలు పోసి ఇంజిన్ దించి, ఎక్కించి, నెల తిరిగేసరికి అదే మచ్చని మళ్లీ చూస్తారు. రెండు జవాబుల్లోనూ లోపం ఒకటే. ఆయిల్ ఎక్కడి నుంచి బయలుదేరిందో ఎవరూ చూడలేదు. నేల మీద చుక్క పడిన చోటికి నిట్టనిలువుగా పైన ఏ భాగం ఉందో చూసి చెప్పేశారు.

ఆయిల్ అలా నిలువుగా పడదు. ఇంజిన్ పైభాగంలో ఒక మూల నుంచి ఊరిన ఆయిల్ ఇనుము వెంట పాకుతుంది, ఫ్యాన్ గాలికీ బండి వేగానికీ వెనక్కి జరుగుతుంది, బోల్టు తలల దగ్గర ఆగుతుంది, చివరికి అన్నిటికన్నా కిందికి వేలాడే భాగం నుంచి జారిపడుతుంది. అందుకే చిన్న లీకేజీ విషయంలో కష్టమంతా పట్టుకోవడంలోనే ఉంది. పట్టుకున్నాక బాగుచేయడం, చాలా సందర్భాల్లో, ఒక ప్యాకింగ్, ఒక వాషర్, ఒక పూట పని.

ఉదాహరణకు అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌నే తీసుకుంటున్నాను. మా వైపు ఊళ్లలో పందిళ్ల కింద, పొగాకు బ్యారన్ల పక్కన, పాత పెంకుటిళ్ల వసారాల్లో ఇంకా మిగిలిన కార్లు ఎక్కువగా అవే. చెప్పే సూత్రాలు పద్మినికీ, ఆ కాలపు ఏ కారుకైనా వర్తిస్తాయి. అంబాసిడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. అంబాసిడర్‌లో చాలా ఏళ్లు నడిచిన ఈ ఇంజిన్ ఇంగ్లాండులో 1950లలో వచ్చిన బి-సిరీస్ కుటుంబానిది. ఇనుప దిమ్మ, దానికి పైన, పక్కన, కింద రేకు మూతలు, ఆ మూతలకీ దిమ్మకీ మధ్య కార్క్ ప్యాకింగ్. నిర్మాణం అంతే. కార్క్ అంటే చెట్టు బెరడు. ఏళ్ల తరబడి వేడి తగిలితే ఎండి, కుంచించుకుని, బిస్కెట్‌లా పెళుసుబారుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకి బండి మామూలుకన్నా వేడెక్కుతుంది, ఆయిల్ ఇంకా పలచబడుతుంది. చలికాలంలో కనిపించని చెమ్మ మే నెలలో చుక్కగా మారడం అందుకే.

ముందు అది ఇంజిన్ ఆయిలేనా అని తేల్చుకోవాలి. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. రాత్రి బండి కింద పెద్ద అట్టపెట్టె విప్పి పరచండి. అట్ట మీద ముందు చక్రాలు ఎక్కడున్నాయో, బండి ముఖం ఎటుందో పెన్నుతో గుర్తు పెట్టండి. పొద్దున్నకి చుక్కలు ఎక్కడ పడ్డాయో, ఏ రంగులో ఉన్నాయో అట్టే చెబుతుంది. ఇంజిన్ ఆయిల్ గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. వెనక యాక్సిల్ హౌసింగ్‌లో పోసే 90 నంబరు ఆయిల్ చిక్కగా ఉండి, గంధకం కలిసిన ఘాటు వాసన వేస్తుంది. ఒకసారి వాసన చూస్తే మరిచిపోరు. రేడియేటర్‌లో కూలెంట్ పోసి ఉంటే అది రంగు నీళ్లలా, కాస్త తియ్యని వాసనతో ఉంటుంది. చక్రాల దగ్గరో, పెడళ్ల కిందో పలచని, జారుడు చుక్క కనిపిస్తే మాత్రం వెంటనే ఒక గిన్నెలో నీళ్లు తీసుకుని దాన్ని అందులో వేసి కలపండి. నీళ్లలో కలిసిపోతే అది బ్రేక్ ఆయిల్. ఆయిల్ అయితే తేలుతుంది. బ్రేక్ ఆయిల్ అని తేలితే ఆ బండిని షెడ్ దాకా కూడా నడపొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

తర్వాత, ఎంత పోతోంది? సిమెంటు నేల మీద ఆయిల్ చాలా వెడల్పుగా పాకుతుంది కాబట్టి మచ్చ చూసి భయపడతాం. ఒక మిల్లీలీటరుకి దాదాపు 20 చుక్కలు. రాత్రికి 10 చుక్కలు పడ్డాయంటే పోయింది అర మిల్లీలీటరు. నెలకి 15, ఏడాదికి 180 మిల్లీలీటర్ల చిల్లర. ఇంజిన్‌కి దాని వల్ల ఏ ప్రమాదమూ లేదు. కానీ ఇది నిలబడి ఉన్నప్పటి లెక్క. నడుస్తున్నప్పుడు పోయేది వేరు. దానికి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, ఒక్కటే సాక్షి. చదునైన నేల మీద, ఇంజిన్ ఆపిన పది నిమిషాల తర్వాత లెవెల్ రాసుకోండి. 500 కిలోమీటర్ల తర్వాత అదే చోట, అదే విధంగా మళ్లీ చూడండి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా లీటరు దగ్గర ఉంటుంది. లెవెల్ బాగా తగ్గి, కింద చుక్కలు మాత్రం కొద్దిగానే ఉంటే, ఆయిల్ కారడం లేదు, లోపల కాలిపోతోంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందా అని చూసుకోండి. అది రింగుల కథ, వాల్వు గైడుల కథ, ఈ వ్యాసం పరిధిలోది కాదు.

లెవెల్ తగ్గకుండా పెరిగితే అది ఇంకా ముఖ్యమైన సూచన. మెకానికల్ ఫ్యూయల్ పంపు ఉన్న బండ్లలో పంపు లోపలి డయాఫ్రం చిరిగితే పెట్రోల్ నేరుగా చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టెలోకి, దిగుతుంది. ఆయిల్ పలచబడి ప్రతి సందులోంచీ బయటికి వస్తుంది. డిప్‌స్టిక్‌ని ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన తెలుస్తుంది. అలాంటప్పుడు ప్యాకింగ్‌లు మార్చడం దండగ. పంపు బాగుచేసి, ఆయిల్ మొత్తం మార్చి, ఆ తర్వాత లీకేజీ మిగిలిందేమో చూడాలి. అప్పటిదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకపోవడమే మంచిది. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

కడగకుండా వెతకొద్దు

ఏళ్ల తరబడి ఆయిల్, దుమ్ము కలిసి గట్టిపడిన ఇంజిన్ మీద కొత్త లీకేజీని ఎవరూ కనిపెట్టలేరు. ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా ఊహే చెప్పగలడు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ వైరు తీసి, డిస్ట్రిబ్యూటర్‌కీ కార్బురేటర్‌కీ ప్లాస్టిక్ కవర్లు చుట్టి, కిరోసిన్ లేదా డీగ్రీజర్ పూసి బ్రష్‌తో రుద్దాలి. పెట్రోల్‌తో కడగడం మన షెడ్లలో అలవాటే గానీ అది నిప్పుతో చెలగాటం. సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ నీళ్లతో కొట్టించడం కూడా నాకిష్టం లేదు. డిస్ట్రిబ్యూటర్‌లోకి నీళ్లు వెళితే బండి అక్కడే ఆగిపోతుంది. కడిగిన మురికిని వీధి కాలువలోకి వదలకుండా కింద పళ్లెం పెట్టి పట్టండి. కింద దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు. ఇటుకలు, రాళ్లు అంతకన్నా నమ్మొద్దు. ఇటుక బరువుకి ముందుగా చెప్పకుండా పగులుతుంది. ఇనుప స్టాండ్లు పెట్టాకే దూరండి.

పొడిగా ఆరాక, ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా తెచ్చి అనుమానం ఉన్న చోటల్లా పలచగా చల్లండి. ఇంజిన్ స్టార్ట్ చేసి పావుగంట నడవనివ్వండి. తెల్లటి పొడి మీద తడి గీత ఎక్కడ మొదలైందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఫ్యాన్ గాలికి పొడి ఎగిరిపోయే ముందు భాగంలో మాత్రం ఇది అంత బాగా పనిచేయదు. అక్కడ కళ్లనే నమ్ముకోవాలి. పావుగంటలో ఏమీ కనిపించకపోతే నెల్లూరులో ఉన్నవాళ్లు కోవూరు దాకా, ఒంగోలులో ఉన్నవాళ్లు టంగుటూరు దాకా వెళ్లి రండి. వేడెక్కి, వేగం మీద నడిస్తేనే బయటపడే లీకేజీలు ఉన్నాయి. చెయ్యి దూరని చోట ఫోను కెమెరాను వీడియోలో పెట్టి లోపలికి చాపితే సరిపోతుంది. మొండి లీకేజీకి ఆయిల్‌లో కలిపే ఫ్లోరసెంట్ రంగు, దానికి తగిన నీలి కాంతి టార్చి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చీకట్లో చూస్తే ఆయిల్ దారి పసుపుపచ్చగా మెరుస్తుంది.

చూసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. తడిగా ఉన్న చోట్లన్నిటిలోకీ పైన ఉన్నది, ముందున్నది ఏదో వెతకాలి. మూలం దాదాపుగా అదే. కింద తడి ఎంత ఉన్నా లెక్కలోకి రాదు. బ్యాక్ సీలు పోయిందని ఇంజిన్ దించే బండ్లలో కొన్నిటికి అసలు తప్పు ఇంజిన్ నెత్తిన, వాల్వుల మీద కప్పి ఉండే రేకు మూత, అంటే ట్యాపెట్ కవర్, వెనక మూలలో ఉంటుంది. అక్కడ ఊరిన ఆయిల్ హెడ్ వెనక గోడ మీదుగా దిగి, ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్యనుండే బెల్ హౌసింగ్ మీద పడి, సరిగ్గా బ్యాక్ సీలు చుక్క పడే చోటే పడుతుంది. పైకి చెయ్యి పెట్టి ఆ మూల తడిమితే తెలిసిపోయే విషయం.

ఇంజిన్‌కి ఊపిరాడుతోందా?

ఏ ప్యాకింగ్ మీదా చెయ్యి వేయకముందే చూడాల్సింది బ్రీదర్, అంటే ఇంజిన్ లోపలి వాయువు బయటికి పోయే గొట్టం. దీన్ని పట్టించుకోకపోవడం వల్లే కొత్త ప్యాకింగ్ వేసిన పది రోజులకే మళ్లీ చుక్క మొదలవుతుంది, ప్యాకింగ్ నాసిరకం అని షాపువాడిని తిట్టుకుంటాం.

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా, మండిన వాయువు కొంత వాటిని దాటి కింద చాంబర్‌లోకి దిగుతూనే ఉంటుంది. పాత ఇంజిన్‌లో ఇంకాస్త ఎక్కువ. ఆ వాయువు బయటికి పోయే దారి ఉండాలి. అంబాసిడర్ ఇంజిన్‌కి పక్కన, మానిఫోల్డ్ కింద, రెండు రేకు సైడ్ కవర్లు ఉంటాయి. వాటిలో ముందు కవర్ నుంచి ఒక గొట్టం బయలుదేరుతుంది, అదే ఆ దారి. పాత రకంలో ఆ గొట్టం నేల వైపు దిగుతుంది. బండి పరిగెడుతుంటే గొట్టం కొస దగ్గర గాలి లాగి లోపలి వాయువుని బయటికి తీస్తుంది. గాలి లోపలికి రావడానికి ట్యాపెట్ కవర్ మీదున్న ఆయిల్ మూతలోనో, దానికి తగిలించిన గొట్టంలోనో దారి ఉంటుంది. ఈ రెండింట్లో ఏది మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది ఎక్కడ బలహీనంగా ఉందో చూసుకుని ఆయిల్‌ని అక్కడినుంచి తోసేస్తుంది.

మూసుకుపోవడానికి కారణాలు మామూలువే. లోపల జిడ్డు పేరుకుపోతుంది. ఆయిల్ మూత పోతే గాలి దారి లేని వేరే మూత తెచ్చి బిగిస్తారు. నెలల తరబడి కదలని బండి గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కడతాయి. పండక్కీ పబ్బానికీ మాత్రమే తీసే కార్లలో ఈ మూడోది ఎంత మామూలో షెడ్‌కి వెళ్లి అడగండి. గొట్టం విప్పి ఒక కొస నోటికి దగ్గరగా పెట్టి ఊదండి, రెండో కొస నుంచి గాలి ధారాళంగా రావాలి. రాకపోతే కిరోసిన్‌లో నానబెట్టి, తీగతో పొడిచి, ఆరబెట్టి బిగించండి. మూత లోపల తీగజాలీ ఉంటే దాన్నీ కడగండి.

తర్వాత వేడి ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద పలచని ప్లాస్టిక్ కవర్‌ని వదులుగా కప్పి పట్టుకోండి. కొంచెం అదురుతూ ఉంటే ఫర్వాలేదు. ఉబ్బి పైకి లేస్తుంటే, పొగ తన్నుకొస్తుంటే, బ్రీదర్ శుభ్రంగా ఉన్నా రింగులు అరిగిపోయాయని అర్థం. అలాంటి ఇంజిన్‌కి ప్యాకింగ్‌లు మార్చి లాభం లేదని యజమానికి ముందే చెప్పే మెకానిక్ దొరికితే ఆయన్ని వదులుకోకండి. బ్రీదర్ శుభ్రం చేసి, పైసా ఖర్చు లేకుండా, ఒక వారం నడిపి చూడండి. అంతటితోనే కొన్ని లీకేజీలు తగ్గుముఖం పడతాయి.

ట్యాపెట్ కవర్, సైడ్ కవర్లు

కవర్ కింద ఆయిల్ ఊరుతుంటే మొదటి ఆలోచన నట్టు ఇంకో చుట్టు బిగించాలని. దాని వల్లే ఇంకా చెడుతుంది. ట్యాపెట్ కవర్‌ని పట్టుకునేవి పైనున్న రెండు నట్లు మాత్రమే. అవి నలిగే రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటాయి. గట్టిగా బిగిస్తే రేకు మధ్యలో కుంగి, అంచులు వంగి, కార్క్ ఒకచోట పిండైపోయి ఇంకోచోట వదులవుతుంది. సైడ్ కవర్లదీ అదే గతి. వాటికి మధ్యలో ఒక్క బోల్టే ఉంటుంది. స్పానర్‌ని కొస దగ్గర కాకుండా తలకి దగ్గరగా రెండు వేళ్లతో పట్టుకుని బిగించేంత బలం చాలు.

కాబట్టి కొత్త ప్యాకింగ్ కంటే ముందు, కవర్ అంచు చదునుగా ఉందో లేదో చూడాలి. దీనికి ప్రకాశం జిల్లావాళ్లకి ఉన్న సౌకర్యం ఇంకెవరికీ లేదు. చీమకుర్తి గ్రానైట్ ముక్క ఏ ఇంటి పెరట్లోనో, కట్టుబడి దగ్గరో దొరుకుతుంది. పాలిష్ పట్టిన నల్లరాయి ఈ పనికి సరిపోయేంత చదునుగా ఉంటుంది. కవర్‌ని పాత ప్యాకింగ్ గీకి, శుభ్రం చేసి, ఆ రాయి మీద బోర్లా పెట్టి వెనక నుంచి టార్చి వేయండి. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ అంచు లేచింది. రాయి మీదే కొట్టకుండా చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టి, మళ్లీ రాయి మీద చూసుకోవాలి. ఓపిక ఉంటే రాయి మీద ఎమెరీ పేపర్ పరిచి అంచుని రెండు మూడుసార్లు రుద్దితే, మెరిసిన చోట్లు, మెరవని చోట్లు విడిగా తెలుస్తాయి. ఈ పని చేసిన కవర్ మళ్లీ కారడం అరుదు. ఈ పని చేయకుండా ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా నిలవదు.

ప్యాకింగ్ కొనేటప్పుడు వంచి చూడండి. మంచి కార్క్ పగలకుండా వంగుతుంది. రబ్బరు కలిపిన కార్క్ దొరికితే అదే తీసుకోండి, ఎక్కువ కాలం వస్తుంది. మన ఊళ్లలో దొరక్కపోతే చెన్నై పుదుపేటలోనో, జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో వెతకాలి. అంత దూరం వెళ్లలేనప్పుడు షీటు కొని, దాన్ని కవర్ మీద పరిచి, గుండు సుత్తితో అంచు వెంట తడుతూ కోసుకునే పాత పద్ధతి ఉంది. దాన్ని చక్కగా చేసే చేతులు మన షెడ్లలో ఇంకా ఉన్నాయి. చాలారోజులు అల్మరాలో ఉండి కుంచించుకున్న కార్క్‌ని కాసేపు నీళ్లలో నానబెడితే సాగి, బోల్టు రంధ్రాలకు సరిపోతుంది.

ప్యాకింగ్‌ని కవర్‌కి మాత్రమే అతికించాలి. హెడ్ వైపు పలచగా గ్రీజు రాస్తే చాలు. అప్పుడు ట్యాపెట్లు సరిచేయడానికి కవర్ విప్పినప్పుడల్లా ప్యాకింగ్ చిరగదు. అతికించే జిగురు షెల్లాక్ అయినా అనబాండ్ అయినా పలచటి పొర చాలు. రెండు వైపులా గొట్టం లావున సిలికాన్ పిండే అలవాటుని మాత్రం గట్టిగా వద్దంటాను. బయటికి పొంగినట్టే లోపలికీ పొంగుతుంది. ఆ తునకలు తెగి చాంబర్‌లో పడి, ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే చుక్క లీకేజీ కోసం బేరింగులనే పోగొట్టుకున్నట్టు.

మిగతా చోట్లు త్వరగా చెప్పుకోవచ్చు. డ్రెయిన్ బోల్టు దగ్గర చుక్క వేలాడుతుంటే రాగి వాషర్ చూడండి. ప్రతి బిగింపుకీ రాగి గట్టిపడి, సందులోకి సర్దుకునే గుణం పోతుంది. స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఇనుముని అలా చేస్తే గట్టిపడుతుంది, రాగికి ఆ భయం లేదు. కొత్త వాషర్ దొరికితే అంతకన్నా మంచిది. గిన్నె రకం ఆయిల్ ఫిల్టర్‌లో పాత రబ్బరు రింగు పై గాడిలోనే అంటుకుని ఉండగా దాని మీద కొత్తది పెట్టేయడం తరచూ జరిగే పొరపాటు. ఫిల్టర్ మార్చిన మర్నాడే కారడం మొదలైతే ముందు అదే చూడాలి. ముందు పుల్లీ చుట్టూ చిమ్మినట్టు వలయంగా తడి ఉంటే టైమింగ్ కవర్‌లోని సీలు పోయినట్టు. కొత్త సీలు కొట్టాక కవర్ బోల్టులు వదులుగా ఉంచి, పుల్లీని సీలులోకి దూర్చి కవర్ సరిగ్గా మధ్యకి వచ్చాకే బిగించాలి. పుల్లీ మెడ మీద పాత సీలు తొలిచిన గాడి గోటికి తగులుతుంటే, సీలుని రవ్వంత ముందుకో వెనక్కో కూర్చోబెడితే దాని పెదవి కొత్త చోట ఆనుతుంది.

చాంబర్ ప్యాకింగ్ విషయంలో కవర్లకి చెప్పినదంతా వర్తిస్తుంది, పని మాత్రం పెద్దది. అదనంగా ఒక మాట. మైపాడు, కొత్తపట్నం లాంటి తీర గ్రామాల్లో ఉండే బండ్ల చాంబర్ రేకు ఉప్పుగాలికి కింద నుంచి తుప్పు పడుతుంది. ప్యాకింగ్ బాగానే ఉండి రేకు మధ్యలో చెమ్మ కనిపిస్తే వైరు బ్రష్‌తో గీకి చూడండి. సూదిమొనంత రంధ్రం బయటపడొచ్చు. చాంబర్ దించి, శుభ్రంగా కడిగి, ఇత్తడి వెల్డింగ్ చేయించడమే దానికి మందు.

ఏది ఆగమంటుంది, ఏది ఆగనివ్వదు

ఇంతదాకా చెప్పిన వాటిలో చాలావరకు ఆయిల్ ఒత్తిడి లేకుండా చిమ్మి పడే చోట్లు. అక్కడి లీకేజీ నెమ్మదిగా ఉంటుంది, తీరిగ్గా చేసుకోవచ్చు. ఆయిల్ పంపు తోసే దారి వేరు. వేడి ఇంజిన్ రోడ్డు మీద నడుస్తుంటే ఆ దారిలో చదరపు అంగుళానికి 50 పౌండ్ల దగ్గర ఒత్తిడి ఉంటుంది. ఫిల్టర్ రింగు, ఆయిల్ ప్రెషర్ స్విచ్చు, ప్రెషర్ గేజ్‌కి వెళ్లే సన్నటి గొట్టం ఆ దారిలోవి. వీటిలో ఏది చెమ్మగిల్లినా అది చిన్న లీకేజీ అని వాయిదా వేయకూడదు. ఈ రోజు చెమ్మ, రేపు హైవే మీద ధార అవుతుంది, నిమిషాల్లో చాంబర్ ఖాళీ అవుతుంది. వేడి ఎగ్జాస్ట్ మీద పడుతున్నది, క్లచ్‌లోకి వెళుతున్నది, బ్రేకుల వైపు వెళుతున్నది కూడా ఈ కోవలోకే వస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు కొసలో ఉండేది వెనక లీకేజీ. ఈ ఇంజిన్‌లో మెకానిక్‌లు బ్యాక్ సీలు అనే చోట అసలు రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ షాఫ్ట్ వెనక భాగం మీద స్క్రూ మీది మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతుంటే ఆ గాడి తన దగ్గరికి వచ్చిన ఆయిల్‌ని మళ్లీ చాంబర్ వైపే తోస్తుంది. ఇంజిన్ ఆగితే తోసేవాళ్లు లేరు, అక్కడ మిగిలిన ఒకటి రెండు చుక్కలు బయటికి వస్తాయి. ఆ కాలపు చాలా ఇంజిన్లకి ఇదే పద్ధతి. ఇంగ్లాండులో 1964లో ఇదే కుటుంబపు పెద్ద ఇంజిన్‌ని ఐదు బేరింగులతో మార్చినప్పుడు వెనక రబ్బరు సీలు వచ్చింది. మన 1489 సీసీ మూడు బేరింగుల ఇంజిన్ పాత పద్ధతిలోనే మిగిలిపోయింది. అందుకని బండి ఆపాక వెనక పడే రెండు చుక్కలు జబ్బు కాదు, ఆ ఇంజిన్ తయారైన తీరే అది.

ఎక్కువవుతుంటే దానికీ కారణాలున్నాయి. ఆయిల్ పై గీత దాటి పోశారేమో, బ్రీదర్ మూసుకుందేమో చూడండి. బండిని ముక్కు పైకి ఉండేలా వాలులో నిలబెడుతున్నారేమో చూడండి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి వచ్చిన రోజు వెనక చుక్కలు పెరగడం సహజం, ఎక్కుతున్నంతసేపూ చాంబర్‌లోని ఆయిల్ వెనక్కే చేరి ఉంటుంది. మళ్లీ పల్లపు రోడ్ల మీద నడిచాక తగ్గితే దిగులు పడక్కర్లేదు. ఇవేవీ కాకుండా పెరుగుతూనే ఉంటే మెయిన్ బేరింగులు అరిగి, గాడికీ దాని చుట్టూ ఉన్న ఇనుముకీ మధ్య ఖాళీ పెరిగిందని అనుమానించాలి. ఆయిల్ ప్రెషర్ కూడా మునుపటికన్నా తగ్గి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

లీకేజీ ఆపుతామని డబ్బాల్లో అమ్మే మందుల గురించి చాలామంది అడుగుతారు. అవి రబ్బరుని ఉబ్బిస్తాయి. ఎండిన రబ్బరు సీలుకి కొన్నాళ్లు పనికొస్తాయి. కార్క్‌కీ, గాడికీ చేసేదేమీ లేదు. ఆయిల్ విషయంలో ఈ ఇంజిన్లకి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ సరైనది. కొత్త కార్ల కోసం చేసిన పలచటి సింథటిక్ పోస్తే, అప్పటిదాకా లేని లీకేజీలు బయటపడతాయి. అలాగని అంతకన్నా చిక్కటిది పోసి లీకేజీ ఆపాలనుకోవడం ప్రమాదం. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైనున్న రాకర్లకి ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది.

కొత్త ప్యాకింగ్ వేశాక కార్క్ కొంచెం అణుగుతుంది. వంద కిలోమీటర్లు నడిచాక, చల్లటి ఇంజిన్ మీద, అదే రెండు వేళ్ల బలంతో ఒక్కసారి సరిచూడండి, మళ్లీ మళ్లీ బిగించొద్దు. ఎక్కువ కాలం నిలబెట్టే బండిని పదిహేను రోజులకోసారి అరగంట రోడ్డు మీద తిప్పండి. ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఆయిల్ వేడెక్కదు, లోపల చేరిన తేమ పోదు, బ్రీదర్‌లో జిడ్డు పేరుకునేది దాని వల్లే.

వెనక లీకేజీ ఒక్కదాని కోసం ఇంజిన్ దించొద్దని నా అభిప్రాయం. క్లచ్ ప్లేటు మార్చడానికి గేర్ బాక్స్ ఎలాగూ ఒకరోజు దిగుతుంది. ఆ రోజు మెకానిక్‌ని తొందరపెట్టకుండా ఫ్లైవీల్ కూడా విప్పించి, వెనక ప్లేటు ప్యాకింగ్ మార్పించండి. ఆయిల్ గ్యాలరీ, అంటే దిమ్మలో పంపు ఆయిల్ పారే దారి, చివర ప్లగ్గుల దగ్గర తడి ఉందేమో చూడమనండి. ప్లగ్గుది ప్రెషర్ లీకేజీ, బయటికి మాత్రం బ్యాక్ సీలులాగే కనిపిస్తుంది. గాడి చుట్టూ ఉన్న ఖాళీని ఫీలర్ గేజ్‌తో, అంటే సందు కొలిచే సన్నటి రేకులతో, పైన, కింద, రెండు పక్కలా కొలిపించండి. చుట్టూ ఒకేలా, సన్నగా ఉంటే దాన్ని ముట్టుకోకుండా గేర్ బాక్స్ ఎక్కించేయొచ్చు. షాఫ్ట్ ఒకవైపుకి కుంగి పైన ఎక్కువ, కింద తక్కువ వస్తే మాత్రం మెయిన్ బేరింగులు మార్చేదాకా ఆ చుక్క ఆగదు. ఇంజిన్ దించడానికి అదే సరైన కారణం.